సవతి పేరున్న బనియను

కార్ఖానా నుంచి పసుపురంగు బనియన్లు సాయంత్రానికి వచ్చాయి. ఆదివారం పొద్దున బళ్ళారిలో క్యాన్సర్ నడక. ఆసుపత్రిలో పేదల వార్డుకు చందాలు పోగుచేయడానికి ఊరి వర్తకులూ డాక్టర్లూ కలిసి పెట్టుకున్నది. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రంగు బనియను తొడుక్కుని, ఆ జబ్బుతో పోయిన తమ మనిషి పేరుతో నడవాలి. బట్టల వ్యాపారి రామచంద్ర తన మొదటి భార్య పేరు వేయించాడు. ప్రతి బనియనుకూ ఎడమ రొమ్ము మీద పడేట్టు, రాజలక్ష్మి.

శారదమ్మ ఆయన రెండో భార్య. పెళ్ళినాడు తాళితోపాటు ఆమె మెడలో ఇంకో బంగారు బిళ్ళ పడింది, చేతులు జోడించిన ఆడమనిషి రూపుతో. పోయిన సవతి ఆ బిళ్ళలో ఉంటుందని అత్త లక్ష్మీకాంతమ్మ చెప్పింది. అప్పటినుంచి కొత్తబట్ట ఏదైనా ముందు రాజలక్ష్మి పటం దగ్గర పెట్టి, బిళ్ళకు తాకించి, ఆ తర్వాతే శారదమ్మ కట్టుకునేది.

ఒక్కసారి తప్పింది. మాఘమాసంలో గుంతకల్లులో అన్నకూతురి పెళ్ళికి, పుట్టింటివాళ్లు పెట్టిన చీర అక్కడికక్కడే కట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది, శనగగింజంత. ఇప్పుడు రేగిపండంత అయింది. ఎడమవైపే, రాజలక్ష్మికి వచ్చిన చోటే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్త ముందుగా ఆ చీర గురించే అడుగుతుంది. పటానికి దీపం పెట్టేటప్పుడు శారదమ్మ ఇప్పుడు తల ఎత్తదు.

"బనియన్లు కూడా పెట్టాల్నా అత్తా?"

"ఏం, అవి కొత్తబట్టలు కాదా?" అంది లక్ష్మీకాంతమ్మ మంచం మీద నుంచి.

"మా అమ్మ పేరు మా అమ్మకే పెడతారా? సైజు చాల్లేదంటాదేమో," అని ఇందుమతి నవ్వింది. రాజలక్ష్మి కూతురు, తల్లి పోయేనాటికి తొమ్మిదేళ్ళది, ఇప్పుడు కాలేజీకి పోతోంది.

"నగు నగు. నీ నోటికి అడ్డమేముండాది," అంది అత్త మనవరాలితో.

శారదమ్మ బనియన్లను పటం ముందు పెట్టింది. పైదాని మడత విడిపోయి ఒక చెయ్యి పీట మీద నుంచి కిందికి వేలాడింది. ఆమె దాన్ని మళ్ళీ మడవలేదు.

కొలత చూద్దామని ఇందు ఆమెను గదిలోకి తీసుకుపోయి రవిక మీదే బనియను తొడిగింది.

"బిగుతైపాయ చిన్నమ్మా. పక్క కుట్టు విప్పాల. చెయ్యెత్తు."

శారదమ్మ ఎత్తలేదు. చంకలో నొప్పి.

"ఎత్తమంటే." ఇందు గుడ్డను ముందుకు లాగి సర్దబోయింది. పేరు కింద వేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. "నీ బిళ్ళ ఈడికి జారిందే..."

బిళ్ళ మెడ కిందే, బనియను మీద కనబడుతూనే ఉంది. ఇందు చెయ్యి ఆగిపోయింది. శారదమ్మ ఆ చేతిని పట్టుకుని పక్కకు నెట్టింది.

"నెట్టొద్దు చిన్నమ్మా," అంది ఇందు, బయట అవ్వకు వినబడకుండా. "మా అమ్మ కూడా ఇట్లే నా చెయ్యి నెట్టేసె. నీళ్ళు పోసుకుంటాంటే ఈపు రుద్దేకి పోతిని. అదేందమ్మా అంటే ఏం లేదు, ఎవరికీ చెప్పాకు అనె. నేను చెప్పకపోతి."

రాజలక్ష్మి మెడలో ఏ సవతి బిళ్ళా లేదు. ఏ పటానికీ ఆమె చీర పెట్టనక్కర లేకపోయింది. ఇదే ఇంట్లో, ఇదే చోట చెయ్యి పెట్టుకుని, ఆమె ఎవరికి భయపడింది?

ఇందు చేతిని తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టుకుంది.

"సరిగ్గా చూడు, ఎంతుండాదో. చూసి, కింద అంగట్లోకి పోయి మీ నాయన్ని పిల్చుకోని రా. అవ్వకు నేను చెప్పుకుంటాలే, చీర సంగతి కూడా."

ఏ చీర అని ఇందు అడగలేదు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

ఒక్కతే మిగిలాక శారదమ్మ బనియను విప్పబోయింది. ఎడమ చెయ్యి లేవలేదు. గుడ్డ ముఖం దాకా వచ్చి చిక్కుకుంది. చుట్టూ పసుపురంగు మసక, ఎక్కడో దగ్గరగా ఊపిరి. ఆమె తన ఊపిరి బిగబట్టింది. అయినా అది వినబడుతున్నట్టే ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడయ్యేదాకా కదలకుండా నిలబడింది.