ఒలిచిన విత్తనం

పదో తరగతికి ఇంగ్లీషులో 'అలా జరిగి ఉంటే' వాక్యాలు చెప్పడమంటే నాకు మహా సరదా. "జరిగిపోయినదాన్ని మార్చలేం, వాక్యం మాత్రం రాసుకోవచ్చు" అని పిల్లల్ని నవ్విస్తాను. నా తెలివికి నేనే మురిసిపోయే రకం.

ఆ శుక్రవారం ఎవరింట్లో జరిగింది వాళ్లను రాయమన్నాను. సువర్ణ అందరికంటే ముందు నోటుబుక్కు తెచ్చింది. ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం.

'సార్ ఫోన్ చూసి చెప్పకపోయి ఉంటే, మా నాయన విత్తనం ఒలిచి ఉండేవాడు కాదు.'

తప్పు ఒక్కటీ లేదు. నా చేతిలో ఎర్రపెన్ను కదల్లేదు.

నెల కిందటి సంగతి. నేను కళ్యాణదుర్గం బస్సు దిగి బడికి వస్తుంటే, వాళ్ల నాయన తిప్పేష్ అరుగు మీద కూర్చుని మబ్బు చూస్తున్నాడు. మా వైపు వాన పడి నేల పదునయ్యేదాకా విత్తనపు వేరుశనక్కాయలు ఒలవరు. ఒలిచిన గింజ నిలవుంటే సరిగా మొలవదు. ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు. అయినా ఫోన్ తీసి, "రేపు తొంభై శాతం వానుందంట అన్నా, ఒలిపించుకో" అన్నాను, గొప్ప కోసం. ఇంటిల్లిపాదీ రెండు రోజులు కూర్చుని ఒలిచారు. వాన రాలేదు.

పోయిన వారం వచ్చింది, దంచి కొట్టింది. ఊరంతా విత్తుతోంది. మిగతాది ఆ రోజు సువర్ణను అడిగితే తెలిసింది. తిప్పేష్ పది గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే రెండే మొలిచాయి. వేరే విత్తనం ఎక్కడా దొరకలేదు. సోమవారం వాళ్లు బెంగళూరుకు కూలి పనులకు పోతున్నారు. సువర్ణ చదువు అంతటితో సరి.

బడి వదలగానే వాళ్లింటికి పరుగెత్తాను. మూటలు కడుతున్నారు.

"నాదే తప్పన్నా. పాపను ఈడే హాస్టల్లో పెట్టు. సీటు నేనడుగుతా. నా మాట విను."

తిప్పేష్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తాడు ముడి వేస్తూ నిదానంగా అన్నాడు.

"నీ మాట ఒకసారి వింటిమి కద సార్. మంచికే చెప్పినావులే. ఇంగ మాకేమీ చెప్పొద్దు."

సువర్ణ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నా నోటుబుక్కు ఇయ్యకుండా పోయినారు సార్. నేను రాసింది కరెక్టేనా?"

"కరెక్టే తల్లీ" అన్నాను.