ఎవరూ లేపకూడదు

పడిపోయినవాళ్లను లేపకుండా నిలబడి చూడటం మా వైపు ఎవరికీ చేతకాదు. జహీరాబాద్ బస్టాండు ముందు ఎవరైనా స్కూటర్ మీద నుంచి జారితే, వాడు నేల తాకేలోపే నలుగురు రెక్కలు పట్టుకుంటారు, ఐదోవాడు సోడా తెస్తాడు. ఈ మంచితనం ఏదో ఒకనాడు నా ప్రాణం తీస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

చెరుకు నరికే వంతు ఎవరిది ఎప్పుడో రైతుల ఫోన్లకు మెసేజ్ పంపే చిన్న కంపెనీ మాది. ఆఫీసు జహీరాబాద్‌లో ఉంది. మెసేజ్‌లు పంపే సర్వర్ మాత్రం న్యాల్‌కల్‌లో ఒక అద్దె గదిలో ఉంటుంది. హైదరాబాద్‌లో పెడితే రైతుకు దూరమైపోతుందని మా అమర్నాథ్ సార్ వాదన. సర్వర్‌కూ రైతుకూ మధ్య దూరాన్ని ఎడ్లబండి లెక్కన కొలిచే మనిషి ఆయన. ఆయనతో వాదించేకన్నా గోడకు చెప్పుకోవడం నయం.

ఆ సర్వర్ వారానికి రెండుసార్లయినా కుప్పకూలేది. కూలినప్పుడల్లా ముందున్న బటన్ నొక్కి లేపడానికి సంగయ్య కాకాను పెట్టారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఏడేళ్లుగా ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క బటనే. 

ఈ మధ్య నేనొక ప్రోగ్రాం రాశాను. సర్వర్ కూలితే మూడు నిమిషాల్లోపు ఎవరి సాయం లేకుండా దానంతటదే లేవాలి. అది నిజంగా లేస్తుందని రుజువు చేయాలంటే మనమే కావాలని దాన్ని పదిసార్లు పడగొట్టాలి, అది పదిసార్లూ లేవాలి.

"పదికి పది లేస్తె ఇంక సంగయ్యతోని పనేముంది రుచితా? నెలాఖరుకు పంపించేద్దం" అన్నారు సార్, చాయ్ తాగుతూ.

నాకు కాకా మీద జాలి వేసింది. నా ప్రోగ్రాం గెలవాలని కూడా ఉంది. రెండూ నిజమే, ఒకదాని కోసం రెండోది అబద్ధమనను.

సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చుని సర్వర్‌ను పడగొట్టాను. ఇరవై సెకన్లలో లేచింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. తర్వాత రికార్డు తెరిచి చూస్తే, బటన్ నొక్కినందువల్ల లేచిందని రాసి ఉంది. ఫోన్ చేశాను.

"కాకా, బటన్ ముట్టినవా?"

"ముట్టకుంటె ఎట్ల బిడ్డా! దీపం ఆరిపాయె. అన్నం తింటున్న, చెయ్యి గూడ కడుక్కోలే. ఉరికొచ్చి నొక్కిన." గొంతులో గర్వం.

"నేనే పడేసిన కాకా. పరీక్ష కోసం."

"ఎందుకు పడేసినవ్? అదేం జేసింది నిన్ను?"

ఓపిగ్గా వివరించాను. ఓపిక నాకు పుట్టుకతో రాలేదు, అప్పు తెచ్చుకున్నాను. మంగళవారం మళ్లీ పడగొడితే మళ్లీ బటన్ వల్లే లేచింది. కాకా ఒట్టేసి తను ముట్టలేదన్నాడు. గది ఊడ్చే శివమ్మ ముట్టిందట. "నన్నే వద్దన్నవ్ గని శివమ్మకు చెప్పలే గద" అన్నాడు. బుధవారం గదికి తాళం వేసి ఇద్దరినీ బయటే ఉండమని ఫోన్‌లో చెప్పాను. పక్కనే పంక్చర్ దుకాణం నడిపే అజీజ్ భాయ్‌కి, సర్వర్ పడినప్పుడు పెట్టే కూత వినబడింది. కిటికీలోంచి పొడుగు కర్ర దూర్చి, గురి చూసి నొక్కాడు. తర్వాత నాకు ఫోన్ చేసి, "ఫికర్ చెయ్యకున్రి, బచాయించిన" అన్నాడు.

గురువారం ఎవరూ నొక్కలేదు. దానంతటదే లేచింది! సంతోషంతో నా కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడే కాకా ఒక ఫొటో పంపాడు. సర్వర్ నెత్తి మీద తాళాలగుత్తి.

"ఫిట్స్ వస్తె చేతుల ఇనుము పెడ్తరు గద బిడ్డా. దీనికి చేతులేడివి? మీద పెట్టిన. బటన్ ముట్టలే, లేసింది."

ఈ సంగతి సార్‌కు చెప్పడం నా బుద్ధి తక్కువ. ఆయన గడ్డం గోక్కుని, "అట్లయితె మిగిలిన తొమ్మిదిసార్లు గూడ గుత్తి పెట్టాలె. లేకుంటె పరీక్ష ఒక్క తీరుగ ఉండదు" అన్నారు. నేను బల్ల మీద గుద్దాను. చివరికి, శనివారం మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలని, సార్ ఆఫీసు నుంచి పడగొడతారని, నేను న్యాల్‌కల్ వెళ్లి ఎవరూ ముట్టకుండా కాపలా కాయాలని తేలింది.

శనివారం బస్సెక్కి వెళ్లాను. శివమ్మను, అజీజ్ భాయ్‌ని, ఆయన కర్రను, తాళాలగుత్తిని బయటికి పంపి తలుపు వేశాను. కాకా ఒక్కడే లోపలున్నాడు.

"అది దానంతటదే లేస్తె నేనేం జెయ్యాలె?" అని అడిగాడు.

నేను తలుపు గడియ సరిచూస్తూ, "సార్ చెప్తడు కాకా" అన్నాను. ఆయనకు అర్థమైంది. సరే తియ్యి అని కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"గిట్ల పెడ్తె ఉరకవు. వీటి మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు.

సర్వర్ పడింది, లేచింది. పడింది, లేచింది. లేచినప్పుడల్లా కాకా "లేసింది" అనేవాడు. ప్రతిసారీ గొంతు కాస్త తగ్గుతూ వచ్చింది. తొమ్మిదోసారి లేచాక, "ఏడేండ్లు ఊకెనే నొక్కిన్నేమో" అన్నాడు.

పదోసారి పడింది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. దీపం వెలగలేదు. నేను రాసిన ప్రతి వరుసా గుర్తుచేసుకున్నాను, ఎక్కడా తప్పు కనిపించలేదు. కాకా వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వంగితే వినిపించింది.

"లే తల్లీ. జర లే. పిల్ల పరువు పోతది."

అది లేస్తే తన ఉద్యోగం పోతుందని తెలిసిన మనిషి, నా కోసం అది లేవాలని మొక్కుతున్నాడు. రెండు నిమిషాల నలభై సెకన్లకు నేను లేచి వెళ్లి బటన్ నొక్కాను.

ఆయన కోసం నొక్కానో, పడినదాన్ని చూడలేక నొక్కానో, నొక్కాను. కాకా మాత్రం ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకు ముట్టినవ్ బిడ్డా! ఇంక ఇరవై సెకన్లుండె గద!"

సార్ ఫోన్‌లో పావుగంట తిట్టారు. ఆ తర్వాత బాగా ఆలోచించి సోమవారం ఆర్డర్ ఇచ్చారు. సర్వర్ దానంతటదే లేవగలదు కానీ, చుట్టూ ఉన్నవాళ్లు లేవనివ్వడం లేదు. చదువుకున్న ఇంజనీరే ఆగలేకపోతే ఊరివాళ్లు ఏం ఆగుతారు? కాబట్టి బటన్‌ను ఎవరూ ముట్టకుండా చూడటానికి అక్కడ ఒక మనిషి కచ్చితంగా ఉండాలి. నమ్మకస్తుడై ఉండాలి. తొమ్మిదిసార్లు కాదు, పదిసార్లూ చేతులు ఆపుకున్నవాడు ఒక్క సంగయ్యే కనుక ఆయన్నే కొనసాగించాలి. ఆర్డర్ చివర నా పేరు విడిగా రాసి, బటన్‌కు రెండు గజాల దూరంలో ఉంచాలన్నారు.

ఆర్డర్ చదివి నవ్వాను, ఏడ్చాను, చివరికి సార్ మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

మరుసటి శనివారం పరీక్ష మళ్లీ మొదలైంది. గదిలోకి వెళ్లేసరికి కాకా నేల మీద సుద్దతో గీత గీసి ఉంచాడు.

"సార్ గట్టిగ చెప్పిండు. నువ్వు గీ గీతకు అవతలనే ఉండాలె" అన్నాడు, మొహం కఠినంగా పెట్టి.

నేను అవతలే నిలబడ్డాను. తొమ్మిదిసార్లు సాఫీగా జరిగింది. పదోసారి పడింది. నిమిషం దాటింది, రెండు దాటాయి. నా కాలు ఎప్పుడు గీత దాటిందో నాకు తెలియదు. కాకా కుర్చీలోంచే గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.

"జర ఆగు బిడ్డా. లేస్తది."

రెండు నిమిషాల యాభై సెకన్లకు లేచింది. అంతసేపూ ఆయన నా చెయ్యి వదల్లేదు. తన రెండో చేతిని మాత్రం తొడ కిందే గట్టిగా నొక్కిపెట్టుకున్నాడు.