షూమాఖర్ గారి తలుపు

నేను ఒక ఇత్తడి పలకను. రాజమండ్రిలో ఒక కంచరి కొలిమిలో పుట్టాను. గోదావరి గట్టు మీది చిన్న మిషన్ ఆసుపత్రికి జర్మనీ నుంచి వచ్చిన డాక్టరుగారు తన ఇంటి తలుపుకు పేరు కావాలన్నారు. ఆయన ఇంటిపేరును నా మీద ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కించి బిగించారు. షూమాఖర్.

ఆ పేరు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. కలెక్టరు దొర షూమాకర్ అన్నాడు. ఆయన దొరసాని స్కూమేచర్ అంది. స్టేషన్ మాస్టరు ఏమీ అనలేక ‘డాక్టరుగారు’ అని ఊరుకున్నాడు. మా డాక్టరు ఎవరినీ దిద్దేవాడు కాదు.

ఆసుపత్రి వాకిట కావలి ఉండే యేసురత్నం మాత్రం ఒకరోజు నన్ను తుడుస్తూ, ఆ పేరుకు అర్థమేమిటని అడిగాడు.

“చెప్పులు కుట్టేవాడు. మా పెద్దల పని అది” అన్నాడు డాక్టరు.

యేసురత్నం వాళ్లదీ అదే పని. అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. “అయితే తవఁరు మావోళ్లేనండి! ఆ మాటంటేనే మేం తల దించుకుంటాం. తవఁరేమో ఇత్తడి మీద చెక్కించి తలుపుకి కొట్టించుకున్నారు!”

అంతవరకు ఆసుపత్రి మెట్లెక్కడానికి జంకిన యేసురత్నం పేటవాళ్లు ఆ తర్వాత నుంచి ధైర్యంగా రాసాగారు.

ఇంతలో ఇంగ్లీషు వాళ్లకూ జర్మనీ వాళ్లకూ యుద్ధం వచ్చింది. సిపాయిలు వచ్చి డాక్టరును ఎక్కడో దూరాన ఖైదీల శిబిరానికి తీసుకుపోయారు. భార్య మార్తమ్మ, నాలుగేళ్ల కూతురు ఎలీజె మిగిలారు. మార్తమ్మ నర్సు. ఆసుపత్రిని ఆమే నెట్టుకొచ్చింది. కొన్నాళ్లకు మిషన్ పెద్ద ఒకాయన వచ్చి నన్ను వేలితో చూపించాడు.

“శత్రువుల పేరు తలుపు మీద ఉంటే ఆసుపత్రి నడవనివ్వరమ్మా. ఇంగ్లీషులో షూమేకర్ అని పెట్టుకోండి. అర్థం అదేగా!”

లోపల కలరా రోగులు మూలుగుతున్నారు. మార్తమ్మ అటు చూసి, తల ఊపింది. యేసురత్నం కళ్లు తుడుచుకుంటూ నా మరలు విప్పాడు. నా వీపు మీద కొత్త పేరు చెక్కి, పాత పేరును తలుపు చెక్కకు ఆనించి బిగించారు. పిల్లకు కూడా కొత్త పేరే నేర్పారు. బయట ఎవరడిగినా అదే చెప్పాలని మరీ మరీ చెప్పారు.

నాలుగేళ్లకు యుద్ధం ముగిసింది. ఒక మధ్యాహ్నం, బక్కచిక్కిన మనిషి ఒకడు మెట్లెక్కి వచ్చి నన్ను చదివాడు. తలుపు తట్టాడు. కాస్త దూరంలో, వెంట వచ్చిన పోలీసు ఉన్నాడు. తలుపు తీసింది ఎలీజె.

“ఎవరు కావాలండీ?”

“షూమాఖర్ గారి ఇల్లు...”

“అలాంటోళ్లెవరూ లేరండి ఇక్కడ. ఇది షూమేకర్ గారిల్లు.”

లోపల్నుంచి భర్త గొంతు విని మార్తమ్మ పరుగున వచ్చి, “మీ నాన్నే!” అని పిల్ల భుజాలు పట్టి కుదిపింది. పిల్ల బెదిరిపోయింది. “దాన్నేమీ అనకు, మార్తా. మీరు నేర్పిందే చెప్పింది” అన్నాడాయన.

మర్నాడే ముగ్గురినీ తీసుకుపోయి, ఓడ ఎక్కించి జర్మనీకి పంపేయాలని సర్కారు ఉత్తర్వు. ఆ సాయంత్రం ఆయన కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. “ఇంగ్లీషు వాళ్లకు నోరు తిరగదు గానీ నీకు తిరుగుతుంది. ముఖం అను.”

“ముఖం.”

“ఆ ‘ఖ’ను ఇంకాస్త గొంతులోంచి లాగు. షూమాఖర్.”

“షూమాఖర్” అంది పిల్ల. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వాళ్లు వెళ్లాక కొన్ని నెలలకు మద్రాసు నుంచి వచ్చిన ఒక నర్సు యేసురత్నానికి కబురు చెప్పింది. డాక్టరు ఓడలోనే జ్వరంతో పోయాడట. శవాన్ని సముద్రంలో దించే ముందు కెప్టెన్ ప్రార్థన చదువుతూ, పేరు దగ్గరికి వచ్చి తడబడ్డాడట. రెండుసార్లు తప్పు పలికాడట. అప్పుడు తల్లి చెయ్యి వదిలి ఆ పిల్ల ముందుకు వచ్చి, అందరికీ వినబడేలా తండ్రి పేరు చెప్పిందట.