మిరపకాయలకున్న కప్పు

"తలుపు తియ్యొద్దు! సల్లదనమంత బయటికి పోతది, సరుకు ఖరాబైతది!"

ఆ అరుపు మేనేజరుది. అప్పుడు నేను కోల్డ్ స్టోరేజీ కప్పు మీద ఉన్నాను. ఏప్రిల్ ఆఖరు వారం, మిట్టమధ్యాహ్నం. కింద ఆవరణలో నలుగురు ఆడవాళ్లు ఒక ముసలామెను చేతుల మీద మోసుకొస్తున్నారు. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డుకూ కోల్డ్ స్టోరేజీ తలుపుకూ మధ్య ముప్పై అడుగుల దూరం. ఆ తలుపు తెరిస్తే లోపలి చల్లగాలి తగిలి ఆమె తేరుకుంటుందని వాళ్ల ఆశ. మేనేజరు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, మా అమ్మ పానం పోతాంది సార్! ఒక్క నిమిషం తియ్యిండ్రి, మీ కాళ్లు మొక్కుత!" అని రుహీ ఏడుస్తోంది. ఆ ముసలామె ఆమె తల్లి లాల్‌బీ.

"ఆటో పిలుచుకోండ్రి. గీడ కాదు."

తలుపు తెరుచుకోలేదు. లాల్‌బీని ఆగి ఉన్న లారీ నీడలో పడుకోబెట్టి తాగే నీళ్లు మీద పోశారు. నేను నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటే, కాలిపోతోంది. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాం. ఆ రోజు బతికింది. పంపించేటప్పుడు డాక్టరు రుహీని పక్కకు పిలిచి, మళ్లీ రేకుల కింద కూర్చోనివ్వద్దని, ఇంకోసారి పడితే లేవడం కష్టమని చెప్పాడు.

నా పేరు గట్టయ్య. రేకుల మేస్త్రీని. కాలేజీల నుంచి వచ్చిన పిల్లలూ, మార్కెట్ నుంచి వచ్చిన హమాలీలూ, మీరంతా అడుగుతున్నారు కాబట్టి ఏదీ దాచకుండా చెబుతాను. ఆ కోల్డ్ స్టోరేజీ కప్పు వేసింది నేనే. పైన తెల్లరంగు రేకు. దాని కింద మనిషి నిలబడేంత అటక. గాలి లోపలికి రావడానికి అటక గోడలకు జాలీలు, కాగిన గాలి పైకి పోవడానికి కప్పు నెత్తిన, కొప్పు మీద గుండ్రంగా తిరిగే గొట్టాలు. అటక నేల మీద జానెడు మందం థర్మాకోల్. ఎండ రేకును కాలుస్తుంది, రేకు అటకలోని గాలిని కాలుస్తుంది, ఆ గాలి పైనుంచే వెళ్లిపోతుంది. మిగిలిన వేడిని థర్మాకోల్ కిందికి దిగనివ్వదు. మిషన్ల మీద సగం భారం ఆ కప్పే తగ్గిస్తుంది. మంచి పని. ఇప్పటికీ మంచి పనే అంటాను.

ఎదురుగా ఉన్న తొడిమల షెడ్డు కప్పు వేసిందీ నేనే. ఇనుప పైపులు, వాటి మీద ఉత్త రేకు. అంతే. పని అయిపోయిన రోజు యజమాని లక్ష్మీనారాయణ సేటు "శభాష్ గట్టయ్యా" అంటే మురిసిపోయాను. దాని కింద ఎనభై మంది ఆడవాళ్లు కూర్చుంటారని తెలియక కాదు. తెలిసి కూడా ఆలోచించలేదు. ఛీ, నా బతుకు!

నాలుగు రోజులకే లాల్‌బీ మళ్లీ షెడ్డులో కనబడింది. నాకు కోపమొచ్చింది.

"ఏందక్కా, డాక్టరు ఏం జెప్పిండు? నువ్వేం జేస్తాన్నవ్?"

"ఇంట్ల కూసుంటే ఎవరు పెడ్తరు తమ్మీ? రుహీ మొగడు ఇడ్సిపెట్టి పోయె. దానికి ఇద్దరు పిల్లలాయె. అయినా మా ఇల్లేమన్న సలువరాతి ఇల్లా? అదీ రేకులదే."

ఆ మధ్యాహ్నం అన్నం వేళ ఆడవాళ్లంతా నా చుట్టూ చేరారు. ఎండల మీద సర్వే చేస్తున్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్ల దీప్తి కూడా వచ్చింది. చేతిలో వేడి కొలిచే చిన్న మిషను. షెడ్డు లోపల నలభై ఏడు డిగ్రీలు చూపించింది. నేను ఒక అట్టముక్క మీద పెన్సిలుతో రెండు కప్పులూ గీశాను. మొగిలమ్మ అని ఒక పెద్ద నోరున్న మనిషి, ఆ షెడ్డులో అందరికంటే పాత కూలీ. ఆ అట్టను తిప్పి తిప్పి చూసింది.

"మేస్త్రీ, గీ అటక, గీ థర్మాకోలు, గిదంత మిరపకాయల కోసమేనా?"

"ఔ."

"మిరపకాయకు ఏడి తాకుతే ఏమైతది?"

"రంగు పోతది."

"మరి మాకు?"

దీప్తి తల వంచుకుంది. నేను అన్నం గిన్నె పక్కన పెట్టి, అట్ట వెనక్కి తిప్పి షెడ్డుకు ఇంకో కప్పు గీశాను.

షెడ్డుకు అంత పెద్ద కప్పు అక్కర్లేదు. రేకు మీద మందంగా తెల్ల పూత, రెండడుగుల కింద థర్మాకోల్ సీలింగు, మధ్యలో అటక, కొప్పు దగ్గర సందులు, చూరు దగ్గర జాలీలు. పది రోజుల పని. కూలి లేకుండా చేస్తానన్నాను. "రోహిణి కార్తె రాకముందే చెయ్యి తమ్మీ. ఆ ఎండ నాతోని కాదు" అంది లాల్‌బీ. అప్పటికి మా చేతిలో మూడు వారాలున్నాయి.

మరునాడు పదిహేను మందిమి సేటు ఆఫీసుకు పోయాం. సేటు చెడ్డమాట అనే మనిషి కాదు. అందరికీ నీళ్లిప్పించాడు.

"నాలుగు ఫ్యాన్లు పెట్టిస్త. సరేనా?"

"ఫ్యాన్ తిరుగుతే పొట్టు లేసి కండ్లల్ల పడ్తది సేటూ. ఘాటుకు ఊపిరాడది" అంది రుహీ. "ఫ్యాన్లు మాకెరుకనే. కప్పు కావాలె."

"ఎండకాలం నేను తెచ్చిన్నా అమ్మా? ఊరంత ఎండనే. రేకుల కింద ఎవలు పని చేస్తలేరు?"

"మీ మిరపకాయలు చేస్తలెవ్వు" అంది మొగిలమ్మ.

సేటు నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "గట్టయ్యా, రేకులేసెటోనివి, లీడరువెప్పుడైనవ్?" ఆ రోజుతో ఆ ఆవరణలో నాకు పని బంద్.

దీప్తి లేబర్ ఆఫీసుకు కంప్లైంటు రాసింది. ఎనభై మందీ పేర్లు రాశారు, రాయరానివాళ్లు వేలిముద్రలు వేశారు. తిరిగి తిరిగి చెప్పులరిగాక, ఒక పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చి వేడి కొలుస్తాడని కబురొచ్చింది. ఆ కబురు విన్న రోజు షెడ్డులో పండగే. "మనకోసం పెద్దసారు వస్తాండు!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ ఎనభై మంది బతుకుల్లో వాళ్లకోసం ఒక ఆఫీసరు రావడం అదే మొదటిసారి.

ఇక్కడే మేం తప్పు చేశాం. వినండి, నవ్వకండి.

ఇంటికి మనిషి వస్తే ఊడ్చి, వాకిట్లో సాన్పు చల్లి, మంచి కుర్చీ వేస్తాం కదా. వాళ్లు షెడ్డునూ అలాగే సర్దారు. తెల్లవారుజామునే వచ్చి బస్తాలన్నీ ఒక మూలకు నెట్టి, పొట్టంతా ఎత్తిపోసి, నేలంతా బిందెలతో నీళ్లు చల్లారు. రెండు వైపులా షట్టర్లు ఎత్తారు. గుమ్మానికి తడి గోనెసంచులు వేలాడదీశారు. "పైన గిట్ల రేకు కాలుతాంటది తమ్మీ, సారు ఎట్ల కూసుంటడు?" అని లాల్‌బీ అంటే, నిచ్చెన వేసుకుని పైకెక్కి రేకు మీద తడి గోనెలు పరిచి నీళ్లు గుమ్మరించింది ఎవరనుకున్నారు? నేనే. ఇరవై ఏండ్ల రేకుల మేస్త్రీని. తడి గోనె ఏం చేస్తుందో నాకు తెలియదా? ఆ సంబరంలో తట్టలేదు, అంతే.

ఆఫీసరు పది గంటలకు వచ్చాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేశారు. సబ్జా గింజల షర్బత్ ఇచ్చారు. సారు మిషను బయటికి తీశాడు. ముప్పై నాలుగు.

"బాగానే ఉంది కదమ్మా" అన్నాడు.

"రోజు గిట్ల ఉండది సార్" అంది రుహీ.

"నేను చూసిందే రాయాలి. విన్నది రాయకూడదు."

సేటు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆ అవసరమే రాలేదు. వసతులు సంతృప్తికరంగా ఉన్నాయని రాసి, సారు వెళ్లిపోయాడు. పరీక్ష రాసి పన్నెండింటికి ఉరుకుతూ వచ్చిన దీప్తి కప్పు మీది గోనెలు చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, ఎందుకు తడిపిండ్రు? వేడి చూపించనీకే కదా పిలిచింది!"

"ఇంటికొచ్చిన మనిషిని ఉడకబెడ్తమా బిడ్డా?" అంది మొగిలమ్మ. ఆ మాట అన్న తర్వాత ఆమెకే అర్థమైంది. అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్లీ కొలవమని అడగడానికి పోతే, కాగితం ఉంది కదా, ఇంకో నెలన్నా ఆగాలన్నారు. కార్తెలు నెల ఆగుతాయా? రోజూ పొద్దున లేచి ఆకాశం వైపు చూడటం తప్ప మాకు చేయడానికి ఏమీ మిగల్లేదు.

రోహిణి వచ్చింది. ఊరంతా మధ్యాహ్నం తలుపులేసుకుంది. షెడ్డులో ఆడవాళ్లు తడి గుడ్డలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. అవి అన్నం తినే లోపే ఎండిపోతున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకు లాల్‌బీ బస్తాకు ఆనుకుని కళ్లు మూసింది. చేతిలో కాయ అలాగే ఉంది. పక్కామె లేపబోతే రుహీ ఆపింది. "పోనీ అత్తా, జర సేపు పండుకోనీ. రాత్రంత నిద్ర లేదు అమ్మకు."

అరగంట నిద్రపోనిచ్చింది. తర్వాత భుజం పట్టుకుని కదిపింది. లాల్‌బీ పక్కకు ఒరిగిపోయింది.

"నేనే పండుకోనిచ్చిన చిచ్చా, నేనే" అని, కబురు విని ఉరికొచ్చిన నా చొక్కా పట్టుకుని రుహీ అరిచింది. ఆ పిల్లకు ఏం చెప్పాలి? ఆ కప్పు వేసిన చేతులతో ఆమె తల ఎలా నిమరాలి? నాకు దుఃఖం ఆగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

చీకటి పడే వేళకు లాల్‌బీ మయ్యత్‌కు స్నానం చేయించి వాకిట్లో పెట్టారు. గల్లీ అంతా నిండిపోయింది. షెడ్డు ఆడవాళ్లందరూ వచ్చారు. అప్పుడు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో అద్దాల ఫ్రీజర్ పెట్టె. సేటు పంపాడట. ఎండలు బాగా ఉన్నాయి కదా, శవం ఖరాబు కాకుండా పెట్టుకోమన్నాడట.

రుహీ లేచింది. అప్పటిదాకా ఏడ్చిన మనిషి, ఏడుపు ఆపేసింది.

"మా అమ్మ బతికున్నప్పుడు గా తలుపు ఒక్క నిమిషం తియ్యలే. ఇప్పుడు సల్లగ పండవెడ్తరా? సచ్చినంకనేనా మేము మీకు సరుకైంది? తీస్కపో! మీ సేటుకు జెప్పు, మా మీద కప్పు అడిగినం, పెట్టె అడుగలే!"

ఆటో వెనక్కి తిరిగింది. ఆడవాళ్లు వెంటనే దారి ఇవ్వలేదు. మొగిలమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, రేపటి నుంచి ఆ షెడ్డులో ఒక్క తొడిమ కూడా తీసేది లేదని చెప్పి పంపింది.

ఎనిమిది రోజులు ఎవరూ పనికి పోలేదు. షెడ్డుకు తాళం పడింది. సేటు రోడ్డవతల కొత్త షెడ్డు మొదలుపెట్టాడు, వేరే ఊరి కూలీలతో నడిపిస్తాడట. మళ్లీ ఉత్త రేకే. వెయ్యడానికి మేస్త్రీలు కావాలని, పని కోసం మేం చేరే అడ్డా మీదికి మనిషిని పంపాడు.

పొద్దున్నే అడ్డా మీద మేం పంతొమ్మిది మందిమి కూర్చున్నాం. నేను వద్దన్నాను. హమ్మాద్ మంచి పనోడు, ముప్పై ఏండ్లు కూడా లేవు, నా మీదికి లేచాడు.

"నీదేం పోయింది చిచ్చా? ఇరవై ఏండ్లు ఉత్త రేకులేసి ఇల్లు కట్టినవ్. ఇప్పుడు మమ్మల్ని ఎయ్యొద్దంటవ్. మా పిల్లలేం తినాలె?"

నేను ఒప్పుకున్నాను. "నిజమే హమ్మాద్. తప్పు నాది. నువ్వు జెయ్యకు."

చాలాసేపు అరుచుకున్నాం. మనం వేయకపోతే ఇంకెవరో వేస్తారని ఒకడన్నాడు. అదీ నిజమే. చివరికి హమ్మాదే లేచి, వాళ్లమ్మ కూడా పక్క షెడ్డులో తొడిమలే తీస్తుందని మెల్లగా అన్నాడు. అటక లేకుండా, సందులు లేకుండా మనుషుల మీద ఉత్త రేకు వేసేది లేదని పంతొమ్మిది మందిమీ మాట ఇచ్చుకున్నాం. గెలిచామని కాదు. సేటు సాయంత్రానికల్లా వేరే జిల్లా నుంచి ఆరుగురు మేస్త్రీలను దింపాడు.

తెల్లారి పదకొండింటికి కొత్త షెడ్డు దగ్గర రేకులు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. నలభై మంది ఆడవాళ్లు వచ్చారు. చేతుల్లో కర్ర లేదు, జెండా లేదు. వచ్చి ఆ రేకుల మీద కూర్చున్నారు. ఎండలో కాగిన రేకుల మీద, ఉత్త చీరలతో. మనుషులు కూర్చున్న రేకును ఎవరు ఎత్తగలరు?

కొత్త మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. "లేవుండ్రమ్మా. మేము గూడ పొట్ట కోసమే వచ్చినం."

"నిజమే అన్నా. మేము గూడ పొట్ట కోసమే దీని కింద కూసుంటం" అంది రుహీ. "ఒక్కపారి చెయ్యి పెట్టి సూడు."

అతను చేతి తొడుగు తీసి అరచెయ్యి ఆనించాడు. ఆనించినంత వేగంగా వెనక్కి లాక్కున్నాడు. పోయి తన మనుషుల దగ్గర నిలబడ్డాడు గాని, పానా పట్టుకోలేదు.

రోడ్డు మీద పోలీసు బండి హారన్ వినబడింది. సేటు మనుషులు గేటు తెరిచారు. స్టేషనుకు తీసుకుపోతారని అందరికీ తెలుసు. ఎన్ని రోజులకు వదులుతారో, ఇంటి దగ్గర పిల్లలకు ఎవరు వండిపెడతారో ఎవరికీ తెలియదు. మొగిలమ్మ కొంగు నడుముకు చెక్కుకుని అలాగే కూర్చుంది. హమ్మాద్ వచ్చి ఒక చివర కూర్చున్నాడు. అడ్డా వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

నేను పోయి రుహీ పక్కన కూర్చున్నాను. రేకు కాలింది. ఇరవై ఏండ్లలో ఎన్ని వేల రేకులు ఎత్తానో, దాని మీద కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి. పోలీసులు దిగి లేవమన్నారు. ఒక్కరం కూడా లేవలేదు.