సీసాలక్క అడిగే ప్రశ్నలు

నీళ్ళూ నూనెలూ మట్టీ పరీక్షించే ఆ ల్యాబులో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆమె సీసాలక్క. పద్దెనిమిదేళ్ళుగా తెల్ల వ్యాను తోలుకుంటూ ఇళ్ళూ ఫ్యాక్టరీలూ తిరిగి శాంపిళ్ళు పట్టుకొస్తోంది. ఏ నీటికి ఏ సీసా వాడాలి, దేన్ని ఐసులో పెట్టాలి, దేనికి ఎండ తగలకూడదు, ఇవన్నీ ఆమెకు కొట్టినపిండి.

ల్యాబు వెబ్‌సైటు మాత్రం పేరుకే ఉండేది. చీమతలకాయలంత అక్షరాల్లో మూడువందల పరీక్షల జాబితా, దాని అడుగున ఒక మెయిలు అడ్రసు. ఆ మెయిలు ఆఫీసు గుమాస్తా తీరిక దొరికినప్పుడు తెరిచేవాడు. సోమవారం రాసినవాళ్ళకి శుక్రవారం జవాబు వెళ్ళేది, అప్పటికి వాళ్ళు ఇంకో ల్యాబు చూసుకునేవాళ్ళు. ఇలా లాభం లేదని డైరెక్టరుగారు సైటు కొత్తగా కట్టించాలనుకున్నారు. ఆ మాట చెవిన పడగానే సీసాలక్క ఉండబట్టలేకపోయింది.

"మా తమ్ముడి కూతురు ఈ పనే చేస్తుంది సార్. ఒక్కసారి చూడండి" అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మేనకోడలికి ఇరవయ్యారేళ్ళు. ఇంట్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని సొంతంగా సైట్లు కడుతోంది. వచ్చింది, మాట్లాడింది, పని తెచ్చుకుంది. ఆరు వారాల్లో కొత్త సైటు సిద్ధమైంది. ఫోనులో కూడా హాయిగా చదువుకునేలా పెద్ద అక్షరాలు, ల్యాబు ఫొటోలు. ఎవరైనా ఫారం నింపితే నిమిషంలో జవాబు వెళ్తుంది, వాళ్ళ వివరాలు సరైన విభాగానికి వాటంతటవే చేరతాయి. సీసాలక్క కాలు నేలమీద నిలవలేదు. పెట్రోలు బంకులో కుర్రాడికి కూడా ఫోను తీసి చూపించింది, "మా అమ్మడు కట్టింది" అని.

నెల తిరక్కుండానే డైరెక్టరుగారు ఇద్దర్నీ పిలిపించారు. ఫారం తెరిచిన వందమందిలో ఎనభైమంది మధ్యలోనే వదిలేసి పోతున్నారట. సైటు చూడముచ్చటగా ఉంది గానీ వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పోతే ఏం లాభమన్నారు. మూడు వారాలు గడువిచ్చారు. ఆయన గొంతు పెంచలేదు, అయినా సీసాలక్కకు చెవులు వేడెక్కాయి. పిల్ల కోసం ఆయన దగ్గర మాట అడ్డం వేసింది తనే మరి.

మెట్లు దిగుతూ మేనకోడలు, వేరే ఎవర్నైనా చూసుకోమని చెప్పేస్తానంది. అత్త ఆ మాట వినిపించుకోనే లేదు.

"ఎక్కడ ఆగిపోతున్నారో తెలుసా?"

"తెలుసత్తా. రెండో ప్రశ్న దగ్గర. మీకు ఏ పరీక్ష కావాలి అని అడిగాను."

సీసాలక్కకు నవ్వొచ్చింది. "వాళ్ళకదే తెలిస్తే ఇంక మనమెందుకే? రేపు పొద్దున్నే బండెక్కు."

మూడు రోజులు మేనకోడలు వ్యానులో ముందు సీటులో కూర్చుని తిరిగింది. లాండ్రీ ఆయన తెల్లబట్టలు పచ్చబడుతున్నాయన్నాడు. రెండో అంతస్తు పెద్దాయన కెటిల్ తెచ్చి లోపల గట్టిపడ్డ తెల్లటి పొర చూపించాడు. కొత్తగా అద్దెకు దిగిన ఒకావిడ, పొద్దున పూట మాత్రమే టీ రంగు నీళ్ళొస్తున్నాయంది. ఒక్కరంటే ఒక్కరు పరీక్ష పేరెత్తలేదు. సీసాలక్క గుమ్మంలోనే నిలబడి ఏం గమనించారు, ఎప్పట్నుంచి, ఈ ఒక్క కుళాయా అన్నీనా అని అడిగేది. చివర్లో ఈ నీళ్ళు ఎవరు తాగుతారని అడిగేది. ఆ తర్వాతే పెట్టెలోంచి సీసా తీసేది.

చివరి ప్రశ్న దేనికని మేనకోడలు అడిగింది.

"మొక్కలకైతే గురువారం వచ్చినా పర్లేదు. డబ్బాపాలు తాగే బిడ్డ ఉన్నాడనుకో, ఆ సీసా ల్యాబులో పెట్టాకే నాకు మిగతా ఊరు."

పిల్ల రాసుకోవడం ఆపి అత్త వంక చూసింది. "నేను ఆరు వారాలు తల బద్దలుకొట్టుకున్నాను. నువ్వు రెండు నిమిషాల్లో తేల్చేస్తున్నావు."

"పద్దెనిమిదేళ్ళ రెండు నిమిషాలే అవి" అంది సీసాలక్క, గేరు మారుస్తూ.

ఫారం మళ్ళీ మొదట్నుంచీ కట్టారు. తెరవగానే రంగు మారిన నీళ్ళ గ్లాసు, పొర పట్టిన కెటిల్, వాసన గుర్తు, ఇలా బొమ్మలు. తాకితే తర్వాతి ప్రశ్న. ఏ సీసా, ఏ పరీక్ష అన్నది వెనకాల లెక్క కట్టి సైటే తేల్చుకుంటుంది. ఒక్కచోట మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. పసివాళ్ళో జబ్బుమనుషులో తాగే నీళ్ళయితే మెయిలు చాలదు, మనిషికి ఫోను మోగాలంది అత్త. మెయిలైతే నిమిషంలో వెళ్తుంది కదా అని పిల్ల వాదించింది.

"జవాబు వెళ్తుందే. మనిషి వెళ్ళదు కదా."

మేనకోడలు కాసేపు బుంగమూతి పెట్టి, ఆ ఒక్క దారీ సీసాలక్క ఫోనుకి కలిపింది.

కొత్త ఫారం పెట్టిన రెండోవారంలో ఒక మధ్యాహ్నం ఆ ఫోను మోగింది. పసిపిల్లల్ని పగలంతా చూసుకునే బడి అది, ఇరవైమంది పిల్లలు. వీధిలో గొట్టాలు బాగుచేసినప్పట్నుంచీ నీళ్ళు లోహం రుచి వస్తున్నాయని టీచరు ఫారంలో పెట్టింది. సీసాలక్క అన్నం డబ్బా మూతపెట్టి బండి తీసింది. గంటలోపు అక్కడ ఉంది. ఫలితం వచ్చేదాకా ఆ కుళాయి ముట్టుకోవద్దని, బయటి నీళ్ళు తెప్పించుకోమని చెప్పి, సీసాలు నింపుకొచ్చింది. మర్నాటికి తేలింది, భవనంలోని పాత గొట్టంలోంచి సీసం కరిగి నీళ్ళలోకి దిగుతోంది, మించకూడని హద్దుకి ఎన్నో రెట్లు. వారంలో గొట్టం మార్చారు. టీచరు ల్యాబుకి రెండు ముక్కలు రాసింది, "ఏం అడగాలో నాకు తెలీదు. మీ ఫారమే నన్ను అడిగింది" అని.

డైరెక్టరుగారు ఆ ఉత్తరం అందరి ముందూ చదివారు. ఇప్పుడు వందమందిలో డెబ్భైమంది ఫారం పూర్తిచేస్తున్నారని, ఇంకో వ్యాను కొంటున్నామని, కొత్తగా చేరేవాళ్ళకి సీసాలక్కే పని నేర్పాలని చెప్పారు. మెచ్చుకోలు మేనకోడలి మీద కురుస్తుంటే ఆ పిల్ల లేచి, ప్రశ్నలన్నీ మా అత్తవేనండీ, నేను వాటికి గుమ్మం కట్టానంతే అంది. సీసాలక్క తల వంచుకుని కొంగు సర్దుకుంది. ముఖం మాత్రం వెలిగిపోతూనే ఉంది.

తర్వాత నెలలో, ఎక్కడో మరో ల్యాబువాళ్ళు తమ సైటు పని కోసం మేనకోడలికి ఫోను చేశారు. ఆ సమయానికి పిల్ల వ్యాను మెట్టు మీద కూర్చుని ఉంది. అత్త వెనకాల సీసాలు లెక్కపెట్టి సర్దుతోంది. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని వాళ్ళు అడిగినట్టున్నారు.

"మా మేనత్త దగ్గరండీ. వ్యానులో" అంది పిల్ల, తడుముకోకుండా.

సీసాలక్కకు లెక్క తప్పింది. సీసాలన్నీ మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టుకుంది.