రాత్రి అన్నం మానేసిన ఇంటి మూకుడు

నేను ఒక ఇనప మూకుడిని. కొలిమిలో కాలి, సుత్తి దెబ్బలు తిని పుట్టినదాన్ని. నా మాట కాస్త కటువు. నచ్చకపోతే చెవులు మూసుకోండి.

తణుకు సంతలో నన్ను కొన్న ముసలమ్మ పండక్కో పబ్బానికో పొయ్యెక్కించేది. ఆవిడ పోయాక కోడలు అమ్మాజీ చేతిలో పడ్డాను. ఇక పొయ్యి దిగే యోగం లేకపోయింది. అమ్మాజీ మొగుడు పేర్రాజు బస్సు డ్రైవరు. భారీ మనిషి. తెల్లారేసరికి మోకాళ్ళు వాచిపోయి మంచం దిగలేకపోయేవాడు. బ్రేకు తొక్కలేకపోతే స్టీరింగు మీద నుంచి దింపేస్తామని డిపోలో చెప్పేశారు. బండి నడపడమంటే అతనికి ప్రాణం.

డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "వాపు మోకాళ్ళలోనే కాదండీ, ఒళ్ళంతా లోలోపల రగులుతోంది. ఈ బరువూ, ఈ తిండీ దాన్ని ఆరనివ్వవు. వేపుళ్ళు, మైదా, తీపి మానండి. రాత్రి అన్నం తగ్గించండి."

ఇల్లు చేరేసరికి అయ్యగారికి ఆ చివరి మాటొక్కటే గుర్తుంది!

"మా ఆయన రాత్రిళ్ళు అన్నం మానేశారండీ, ఫలహారమే," అని అమ్మాజీ వీధంతా చాటింది. ఫలహారమట! ఒకనాడు పూరీలు, ఒకనాడు పునుగులు. శనివారం ఒంటిపూట కదా, పాపం నీరసిస్తాడని గారెలు. మిగిలిన నూనె పారబోస్తే లక్ష్మి పోతుందని వడగట్టి మళ్ళీ నాలోనే కాచేది. ఆ నల్ల నూనె కంపు ఇనుమునైన నేనే భరించలేకపోయేదాన్ని. ఛీ, ఏం మనుషులు! దేవుడి పేరు చెబుతారు, డాక్టరు పేరు చెబుతారు, నాలుక చెప్పినట్టు ఆడతారు.

డిపో పరీక్షలో పేర్రాజు బ్రేకు మీద కాలు నిలపలేకపోయాడు. స్టీరింగు పోయింది. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"ఇన్నాళ్ళూ రాత్రిపూట అన్నం మొహం చూళ్ళేదు కదే! ఎందుకు తగ్గలేదంటావ్?" అని అతను కుమిలిపోయాడు.

"ఈ పాత ఇనుములోనే ఏదో ఉందండీ," అంది అమ్మాజీ. ఆడలేక మద్దెల ఓడందట! మర్నాడే నాన్‌స్టిక్ బాణలి కొనుక్కొచ్చింది.

ఈ సాయంత్రం పాత సామానువాడి కేక వినబడగానే పేర్రాజే నన్ను వీధిగుమ్మం దాకా మోసుకొచ్చాడు. మెట్టు దిగలేక అక్కడే చతికిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అతని బస్సు వీధి చివర నుంచి వెళ్ళింది. నడుపుతున్నది వేరేవాడు. పేర్రాజు నన్ను ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నాకతని మీద జాలేసింది.

లోపల కొత్త బాణలి చుయ్యిమంది.

"ఏవండీ, పూరీలు చల్లారిపోతున్నాయి, రండి!"

"వత్తన్నానే," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.