మేడ దిగని ఆడవాళ్లు

పదకొండు కాకముందే ఆ పిల్ల మిషను ఆపేసింది. కాలు మీద కాలు మెలివేసి, బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఏమయిందే?" అంది పక్క మిషను మీదున్న వదిన, నల్లగుడ్డ మీదనుంచి చూపు తిప్పకుండానే.

"ఆగట్లేదు వదినా."

"ఇంకాసేపట్లో భోజనాలకి వదులుతారుగా. ఓర్చుకో తల్లీ."

"నాకు ఓర్పుంది వదినా. లోపలున్నదానికే లేదు." పిల్ల నవ్వబోయింది. నవ్వితే ఏమవుతుందోనని పెదవి కొరుక్కుంది. దానికి ఐదో నెల.

ఆ పిల్ల ఆమె ఆడబిడ్డ. అది పిలవగా పిలవగా మేడ మీదున్న ఆడవాళ్లందరికీ ఆమె వదినే అయిపోయింది. రేకుల కప్పు కింద రెండు వరసల మిషన్లు. కుట్టేవి బురఖాలు. ముక్కకింత అని కూలి. మిషను ఆగితే కూలి ఆగినట్టే. కింద హాల్లో మగవాళ్లు గుడ్డ కత్తిరిస్తారు. వదిన మొగుడు అక్కడే కటింగు మాస్టరు.

ఆ భవనానికంతా మరుగుదొడ్డి ఒక్కటే. అది కటింగు హాలు వెనక ఉంది. అక్కడికి పోవాలంటే బల్లల మధ్య సందులోంచి, మగవాళ్లను తప్పించుకుంటూ నడవాలి. పరాయి మగవాళ్ల మధ్య ఆడది అలా రాసుకుని తిరగడం సిగ్గుకు విరుద్ధమని యజమాని హాజీగారు పనివేళల్లో మేడ దిగడం మాన్పించాడు. మధ్యాహ్నం మగవాళ్లు నమాజుకు వెళ్లినప్పుడు దిగవచ్చు. ఆ కాసేపట్లోనే అంతమందీ వెళ్లి రావాలి, అన్నం తినాలి, నమాజు చేసుకోవాలి. అందుకని ఆడవాళ్లు తమకు చేతనైన ఉపాయం చేశారు. నీళ్లు తాగడం మానేశారు.

మేడ మీద మూలనున్న గదిలో ఒక దొడ్డి కట్టించమని ఒకసారి అడిగించారు. అది కుట్టిన సరుకు పెట్టుకునే చోటన్నాడు హాజీగారు.

"గుడ్డకి మూలనయినా చోటుంది. మన బతుక్కి అదీ లేదు," అంది కాజాలు కుట్టే అవ్వ. అందరికంటే పెద్దది ఆమే. నోరు కూడా అందరికంటే ఆమెకే పెద్దది.

ఆ రోజు భోజనాల వేళకి పిల్ల మెట్లు దిగలేకపోయింది. ఒళ్లు కాలిపోతోంది. నడుం పట్టుకుని గోడవారన కూలబడింది. వదిన, అవ్వ చెరో రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రానికి నొప్పులొచ్చాయి. చీకటి పడకముందే కడుపు పోయింది.

"ఈ అమ్మాయి నీళ్లు తాగదా?" అని అడిగింది డాక్టరమ్మ, చేతులు తుడుచుకుంటూ.

"తాగితే వెళ్లాల్సొస్తుందమ్మా."

"ఆపుకుని ఆపుకుని చీము పట్టింది. లోపలికంటా ఎక్కింది. ఇన్నాళ్లూ ఈ పిల్లని ఆపుకోమన్నదెవరు?"

వదిన మంచం మీదున్న పిల్లవైపు చూసింది. హాజీగారు నిషేధం పెట్టాడు, నిజమే. కాని రోజూ పక్కనే కూర్చుని ఓర్చుకో తల్లీ అన్నది తను.

ఇంటికొచ్చాక మొగుడు తలపట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. చెల్లెలంటే అతనికి ప్రాణం. లారీ మీద తిరిగే దాని మొగుడికి కబురెలా చెప్పాలో అతనికి తోచలేదు.

"అల్లా రాసిపెట్టింది," అన్నాడు చివరికి.

"అల్లా రాశాడా, హాజీగారు రాశాడా?"

"నోరు కట్టిపెట్టు. ఇద్దరం ఆయన దగ్గరే తింటున్నాం."

హాజీగారు చెడ్డవాడని ఎవరూ అనరు. పిల్ల కోసం పళ్లు పంపించాడు. ఓర్పు విశ్వాసంలో సగమని కబురు చెప్పించాడు. అదే ఊపులో, మేడ మీద ఉక్కపోతకి ఆడవాళ్లు మోచేతులదాకా చేతులు మడుస్తున్నారని, వాళ్ల నవ్వులు కింది హాలుదాకా వినిపిస్తున్నాయని తెలుసుకుని, సిగ్గు గురించి నాలుగు మంచిమాటలు చెప్పించాలనుకున్నాడు. మరుసటి వారం పెద్ద మౌల్వీగారిని పిలిపించాడు.

మేడ మీద తెర కట్టారు. తెరకు అవతల కుర్చీలో మౌల్వీగారు, ఇవతల చాపల మీద ఆడవాళ్లు. కింద మగవాళ్లకు కూడా పుణ్యం దక్కాలని మైకు పెట్టి, హాల్లోకి స్పీకరు వేయించాడు హాజీగారు.

మౌల్వీగారు ముసలాయన. మెత్తని గొంతు. ఆడదాని సిగ్గు ఆమె నగ అన్నాడు. గోళ్లరంగు ఉండగా నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూ చెల్లదన్నాడు. అత్తరు పూసుకుని వీధిలోకి పోవద్దన్నాడు. పరాయివాడితో మాట్లాడాల్సి వస్తే గొంతులో మెత్తదనం ఉండకూడదన్నాడు. మగవాడు కూడా చూపు దించుకోవాలన్నాడు. ఆ మాట చెప్పినప్పుడే కింద ఎవరో దగ్గారు.

"అడగవలసినవి ఉంటే అడగండమ్మా," అన్నాడు.

బస్సులో కండక్టరుకి ముఖం చూపించవచ్చా అని ఒకామె అడిగింది. దుకాణంవాడి చేతికి డబ్బిచ్చేటప్పుడు చెయ్యి తగిలితే పాపమా అని ఇంకొకామె అడిగింది. రెండింటికీ ఆయన ఓపికగా జవాబు చెప్పాడు. అప్పుడు వదిన లేచి నిలబడింది.

"మౌల్వీగారూ, ఒంటికి అవసరమొస్తే ఆపుకోమని మన ధర్మంలో ఎక్కడైనా ఉందా?"

తెరకు అవతల కుర్చీ కిర్రుమంది. కింద కత్తెరల చప్పుడు ఆగిపోయింది. అవతలినుంచి హాజీగారి గొంతు వినిపించింది.

"అలాంటివి ఇంట్లో ఆడవాళ్లని అడగాలమ్మా."

"మా ఇంట్లో ఆడవాళ్లు ఇద్దరమేనండి. ఆపుకుని ఆపుకుని ఒకదాని కడుపు పోయింది. ఇంకెవర్ని అడగను?"

మౌల్వీగారు గొంతు సవరించుకున్నాడు. "లేదమ్మా. ఆ ఒత్తిడితో నమాజుకి నిలబడటం కూడా మంచిది కాదన్నారు పెద్దలు. ముందు వెళ్లి రావాలి. అందరితో కలిసి చేసే జమాతు తప్పిపోయినా సరే."

"నమాజయినా ఆగుతుందన్నమాట. మరి మిషను ఆగదేమండీ?"

అవ్వ నవ్వాపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

"హాజీసాబ్, ఇక్కడ ఆడవాళ్లకి వేరే ఏర్పాటు లేదా?" అని మౌల్వీగారు అడగడం మైకులో అందరికీ వినిపించింది.

"చేయిస్తున్నాం. ఇన్షా అల్లా, చేయిస్తున్నాం." ఆ వెంటనే మైకు ఆగిపోయింది.

టీ వచ్చింది. మౌల్వీగారు టీ తాగాడు. హాజీగారు ఆయన చేతిలో ఒక కవరు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ముసలాయన తెర దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. ఏదో చెప్పాలనుకున్నట్టున్నాడు.

"ఓర్పు పట్టండమ్మా," అని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం మొగుడు నల్లబడిన ముఖంతో ఇంటికొచ్చాడు.

"రేపు పొద్దున అందరి ముందూ క్షమాపణ చెప్పాలంట నువ్వు. పరాయి మగాళ్ల చెవిన పడేలా ఒంటి సంగతులు మాట్లాడినందుకు."

"మైకు పెట్టింది నేనా?"

"నాతో వాదించి ఏం లాభం? చెప్తే సరే. లేకపోతే నీ మిషను ఇంకొకళ్లకిస్తారు. నా సంగతి తర్వాత చూస్తారంట." గొంతు తగ్గించాడు. "ఒక్క మాటే కదే. మాటకి కూలేమన్నా తగ్గుతుందా? అనేసి కూర్చో."

లోపల మంచం మీదనుంచి పిల్ల పలికింది. పడుకుందనుకున్నారు ఇద్దరూ.

"చెప్పెయ్ వదినా. పోయింది ఎలాగూ తిరిగి రాదు. రేపట్నుంచి నేనూ రావాలిగా. నా మిషను కూడా పోతుంది."

వదినకు ఏడుపు రాలేదు. ఆ పిల్ల గొంతులో కోపం లేకపోవడమే ఆమెకు భరించరానిదైంది.

మర్నాడు పిల్ల వదిన చెయ్యి పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ మేడ ఎక్కింది. మిషన్లన్నీ ఆపించారు. హాజీగారు మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆడవాళ్లను చూడకూడదు గనక ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"కానియ్యమ్మా. ఒక్క మాట."

ఆ మాట వదిన నాలిక చివరే ఉంది. దారి పొడుగునా దాన్నే వల్లించుకుంటూ వచ్చింది. అనేద్దామని తలెత్తింది. ఎదురుగా పిల్ల నీళ్ల సీసా మూత తీసి, వేలు తడుపుకుని, ఆ తడి పెదాలకు రాసుకుని మూత బిగించేసింది.

"నేను చెప్పనండి," అంది వదిన.

"ఏమిటీ?"

"దీన్ని రోజూ ఓర్చుకోమన్నాను. అది నా తప్పు. దానికి దీన్ని క్షమించమని అడుక్కుంటాను. మిమ్మల్ని అడుక్కోవడానికేం లేదు."

తన బురఖా తీసుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. హాల్లో మొగుడు తల ఎత్తలేదు. అతని కత్తెర ఆగలేదు కూడా. ఆమె వీధి తలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక మెట్లమీద చెప్పుల చప్పుడయింది. చూస్తే అవ్వ.

"నువ్వెక్కడికే అవ్వా? నీ పని పోతుంది."

"నీకోసం కాదులే. నాకు ఆగట్లేదు." అవ్వ వీధివైపు రాలేదు. తిన్నగా కటింగు హాల్లోకి నడిచింది.

"ఏయ్, పనివేళ!" అని పైనుంచి అరిచాడు హాజీగారు.

"వేళ నా చేతిలో లేదయ్యా. ముసలి ఒళ్లు!"

కత్తిరించే కుర్రాడొకడు తత్తరపడి గోడవైపు తిరిగాడు. అతన్ని చూసి పక్కవాడూ తిరిగాడు. అవ్వ బల్లల మధ్యనుంచి కొంగు విదిలించుకుంటూ వెళ్లిపోయింది. మెట్లమీద మళ్లీ చప్పుడు. ఈసారి నెమ్మదిగా. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి, పిల్ల హాలు గుమ్మంలో నిలబడింది. వీధి తలుపు దగ్గర వదిన కదల్లేకపోయింది.

అప్పుడు వదిన మొగుడు తల ఎత్తాడు. బల్లల మధ్య దారి ఒక మనిషికే సరిపోతుంది. చేతిలో కత్తెరతో అతను ఆ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పైనుంచి హాజీగారు అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎదురుగా చెల్లెలు.

"జరుగన్నా," అంది పిల్ల.